పిల్లల ఒంటి మీద తెల్లమచ్చలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజుల్లో మందుల షాపుకు ఒక రకం బేరం ఎక్కువగా వస్తుంది. అమ్మో నాన్నో పిల్లవాడి గడ్డం పట్టుకొని, ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, "ఇదిగో, ఈ తెల్లమచ్చకు ఏదైనా ట్యూబు ఇవ్వండి" అంటారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ కౌంటరు వెనక నిలబడ్డ ఫార్మసిస్టును నేను. దగ్గు ఎలా జబ్బు పేరు కాదో తెల్లమచ్చ కూడా అంతే. దానికి పది కారణాలు ఉంటాయి. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు, కొన్నిసార్లు చెరుపు కూడా చేస్తుంది. నాకు పదే పదే ఎదురైన ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను. మచ్చకు పేరు పెట్టే పని మాత్రం డాక్టరుదే.

మా బాబుకు ఆరేళ్లు. రెండు బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు కనిపిస్తున్నాయి. బొల్లేనా?

చాలావరకు కాదు. ఈ వయసులో, ఈ చోట, ఈ రంగులో వచ్చే మచ్చలు ఎక్కువగా పిటిరియాసిస్ ఆల్బా అనే మామూలు రకం. పేరు విని కంగారు పడనక్కరలేదు. గ్రీకులో పిటిరాన్ అంటే తవుడు, లాటిన్‌లో ఆల్బా అంటే తెలుపు. మచ్చను వెలుతురులో పక్కనుంచి చూస్తే పేరు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. పైన సన్నని తవుడు చల్లినట్టు పొట్టు ఉంటుంది. మూడేళ్ల నుంచి పదహారేళ్ల వరకు పిల్లల్లో, ముఖ్యంగా బుగ్గల మీద, నోటి చుట్టూ, గడ్డం మీద, ఒక్కోసారి జబ్బల మీద వస్తుంది. చర్మం పొడిబారి, కంటికి కనిపించనంత కొద్దిగా వాచినప్పుడు అక్కడ రంగు తయారీ తగ్గుతుంది. అంతే జరిగింది.

ఎండాకాలంలోనే ఎందుకు బయటపడుతుందంటే, మచ్చ కొత్తగా తెల్లబడదు, చుట్టూ ఉన్న చర్మం ఎండకు నల్లబడుతుంది. తేడా పెరిగి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చామనఛాయ, నలుపు ఛాయ పిల్లల్లో ఇది మరీ తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, తుమ్ములు, దురద ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఈ మచ్చలు ఎక్కువ.

అయితే ఇంట్లో చూసి తేడా ఎలా కనిపెట్టాలి?

తుది మాట మనది కాదు గానీ, చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మంచి పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూడండి.

మొదట రంగు. పాలిపోయినట్టు, నీళ్లు కలిసిన రంగులా ఉంటే ఒక దారి. సున్నం వేసినట్టు, పాలలా పూర్తి తెలుపు ఉంటే అది బొల్లి వైపు చూపిస్తుంది. తర్వాత అంచు. మామూలు మచ్చ అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పలేం, చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. బొల్లి మచ్చ అంచు ప్రపంచ పటంలో దేశాల సరిహద్దులా గీసినట్టు ఉంటుంది. మూడోది పొట్టు. బొల్లి మచ్చ మీద పొట్టు ఉండదు, దురద కూడా సాధారణంగా ఉండదు, చర్మం నున్నగా మామూలుగా ఉంటుంది. గోటితో మెల్లగా గీసినప్పుడు పొడి రాలితే, ఫంగస్ వల్ల వచ్చే శోభిని అనుమానించాలి.

చోటు కూడా చాలా చెబుతుంది. కనురెప్పలు, పెదవుల అంచులు, వేళ్ల కొసలు, మోకాళ్లు, మడమలు, జననాంగాల దగ్గర మచ్చ మొదలైతే, లేదా మచ్చ మీది వెంట్రుక కూడా తెల్లబడితే, ఆలస్యం చేయకుండా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్లండి. పడి మోకాలు గీసుకుపోయిన చోట పుండు మానాక తెల్లగానే మిగిలిపోయి, ఆ గీత ఆకారంలోనే మచ్చ కనిపించడం కూడా బొల్లి లక్షణమే.

చివరిది స్పర్శ. దాని గురించి కింద విడిగా రాశాను. అది మరిచిపోవద్దు.

ఫోనులో ఫోటో తీసి పంపితే చెప్పలేరా?

అమెరికాలో ఉన్న కూతురు మనవడి బుగ్గ ఫోటో పంపిందని, ఫోను నా ముందు పెట్టిన తాతయ్యలు ఎందరో. ఫోను కెమెరా వెలుతురును తనకు తోచినట్టు సర్దుతుంది. పాలిపోయిన మచ్చ సున్నపు తెలుపులా కనిపిస్తుంది, పూర్తి తెలుపు మచ్చ మామూలుగా కనిపిస్తుంది. పొట్టు అసలే కనిపించదు. ఫోటో పెరుగుదలను పోల్చుకోవడానికి పనికొస్తుంది, పేరు పెట్టడానికి కాదు.

కడుపులో నులిపురుగులు ఉంటేనే ముఖం మీద తెల్లమచ్చలు వస్తాయట. కాల్షియం తక్కువైనా వస్తాయట. నిజమేనా?

తెలుగునాట ప్రతి అమ్మమ్మా చెప్పే మాట ఇది. కొందరు డాక్టర్లు కూడా పాత అలవాటు కొద్దీ మాత్ర రాసి ఇస్తారు. బుగ్గ మీది మచ్చకు, పురుగులకు సంబంధం లేదు. కాల్షియంతోనూ లేదు. అలాగని నులిపురుగుల మాత్ర వద్దని కాదు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో నులిపురుగుల నిర్మూలన దినాలు జరుపుతారు, అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు అల్బెండజోల్ ఉచితంగా ఇస్తారు. అది రక్తహీనత కోసం, ఎదుగుదల కోసం వేయించండి. మచ్చ పోతుందని ఎదురుచూడకండి. మచ్చ దానంతట అది కొన్ని నెలలకు తగ్గినప్పుడు ఆ ఘనత మాత్రకు దక్కుతుంది, అమ్మమ్మ నమ్మకం ఇంకో తరం బతుకుతుంది.

మామూలు మచ్చలే అన్నారు డాక్టరు. ఏమి చేయాలి?

తేమ పట్టించాలి. స్నానం ముగిసి ఒళ్లు తుడిచిన రెండు మూడు నిమిషాల్లో, చర్మం ఇంకా కొద్దిగా తడిగా ఉండగానే, వాసన లేని మాయిశ్చరైజరో పెట్రోలియం జెల్లీయో రాయండి. రోజుకు రెండు సార్లు. కొబ్బరినూనె ఇంట్లో ఉంటే అదీ మంచిదే. సబ్బు తగ్గించండి, ముఖానికి మరీ తగ్గించండి. శనగపిండితో, నలుగుపిండితో గట్టిగా రుద్దడం మానండి. మచ్చ మురికి కాదు, రుద్దితే పోదు, ఇంకా పొడిబారుతుంది.

ఎర్రగా ఉన్నా, దురద ఉన్నా డాక్టరు 1 శాతం హైడ్రోకార్టిసోన్ వంటి తేలికపాటి స్టెరాయిడ్ క్రీమును కొన్ని రోజులకు ఇస్తారు. స్టెరాయిడ్ వద్దనుకున్న చోట టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఇస్తారు. ఎండలో ఆడే పిల్లలకు టోపీ, సన్‌స్క్రీన్ ఉంటే చుట్టూ చర్మం నల్లబడదు కాబట్టి మచ్చ అంతగా కనిపించదు.

ఓపిక పట్టాలి. పొట్టు రెండు వారాల్లో పోవచ్చు, రంగు రావడానికి నెలలు పడుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది, వచ్చే వేసవికి మళ్లీ కనిపిస్తుంది. పెద్దయ్యేసరికి పోతుంది. ప్రతి నెలా క్రీము మార్చే తల్లిదండ్రులను చూశాను, వాళ్ల డబ్బు మా షాపులోనే ఎక్కువగా ఖర్చయింది.

శోభి అంటే ఏమిటి? చిన్నపిల్లలకు కూడా వస్తుందా?

అందరి చర్మం మీదా ఉండే మలస్సీజియా అనే ఒక రకం ఫంగస్ చెమటకు, జిడ్డుకు అదుపు తప్పి పెరిగితే వచ్చేది శోభి. అందుకే పదో తరగతి వయసులో, ఛాతీ, వీపు, మెడ, భుజాల మీద ఎక్కువ. మన ఉక్క వాతావరణంలో చిన్నపిల్లల నుదుటి మీద, బుగ్గల మీద కూడా రావచ్చు, ముఖ్యంగా తలకు నూనె బాగా పట్టించి, అది ముఖం మీదకు కారే పిల్లలకు. చిన్న చిన్న గుండ్రని మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, గీస్తే పొడి రాలుతుంది.

కీటోకొనజోల్ షాంపూ లేదా క్రీముతో తగ్గుతుంది. షాంపూను ఒంటికి పట్టించి, డాక్టరు చెప్పినన్ని నిమిషాలు ఉంచి కడగాలి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఫంగస్ కొద్ది రోజుల్లో చస్తుంది, తెలుపు పోవడానికి మాత్రం వారాలు, నెలలు పడుతుంది. "మందు పనిచేయలేదు" అని మళ్లీ మళ్లీ ట్యూబులు కొంటారు. గీస్తే పొడి రాలడం ఆగిందంటే మందు పనిచేసింది. రంగుకు సమయం ఇవ్వండి. వేసవి వస్తే మళ్లీ వచ్చే గుణం దీనికి ఉంది.

కుష్ఠు అయి ఉండే అవకాశం ఉందా? అడగడానికే భయంగా ఉంది.

అడగడమే మంచిది. మన దేశంలో కుష్ఠు ప్రజారోగ్య సమస్య స్థాయి నుంచి తగ్గిందని 2005 డిసెంబరులో లెక్క తేలింది. అంటే 10,000 మందిలో ఒకరి కంటే తక్కువ అని అర్థం, పూర్తిగా పోయిందని కాదు. పిల్లల్లో ఇప్పటికీ కొత్త కేసులు బయటపడుతున్నాయి.

కుష్ఠు మచ్చ పాలిపోయినట్టో, ఎర్రటి రాగి ఛాయలోనో ఉంటుంది, పూర్తి తెలుపు ఉండదు. ముఖ్యమైన గుర్తు స్పర్శ తగ్గడం. బిడ్డను కళ్లు మూసుకోమని, దూదిపోగు కొసతో ఒకసారి మామూలు చర్మాన్ని, ఒకసారి మచ్చను తాకండి. తాకిన చోట వేలు పెట్టమనండి. ఆటలా చేస్తే పిల్లలు సరిగ్గా చెబుతారు. మచ్చ మీద తాకినప్పుడు పదే పదే వేలు పెట్టలేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. సూదులతో గుచ్చకండి. ముఖం మీది మచ్చలో స్పర్శ తగ్గడం సులభంగా తెలియదు, ఎందుకంటే ముఖంలో నరాలు ఎక్కువ. కాబట్టి ముఖం మీద మచ్చకు స్పర్శ ఉందని నిశ్చింతగా ఉండకూడదు. మచ్చ మీద వెంట్రుకలు రాలినా, చెమట పట్టకపోయినా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నా తప్పకుండా చూపించాలి.

చికిత్స ఉచితం. బహుళ ఔషధ చికిత్స పేరుతో మందుల అట్టలు ప్రభుత్వ కేంద్రాల్లోనే దొరుకుతాయి. మచ్చల సంఖ్యను, జబ్బు రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడాలి. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడి మందు ఆపకండి. ఇంట్లో మిగతావాళ్లను కూడా పరీక్షించి, అవసరమైతే ముందు జాగ్రత్తగా ఒక్క మోతాదు మందు ఇస్తారు. మందు మొదలైన బిడ్డ బడికి మామూలుగా వెళ్లవచ్చు.

బొల్లిని 'తెల్ల కుష్ఠు' అని పిలవడం వల్ల రెండు జబ్బుల వాళ్లకూ అన్యాయం జరిగింది. బొల్లికి, కుష్ఠుకు ఏ చుట్టరికమూ లేదు.

పాపకు పుట్టినప్పటి నుంచి నడుము మీద ఒక తెల్లమచ్చ ఉంది. పెరుగుతోంది.

పాప పెరిగినంత మేర మచ్చ పెరుగుతుంటే, కొత్తవి రాకుంటే, అది ఎక్కువగా నీవస్ డీపిగ్మెంటోసస్ అనే పుట్టుమచ్చ రకం. పుట్టుమచ్చ నల్లగానే ఉండాలని లేదు. హాని లేదు, మందు అవసరం లేదు.

ఒక్కటి మాత్రం చూసుకోండి. వేపాకు రేకులా ఒక కొస సన్నగా, ఒక కొస గుండ్రంగా ఉన్న మచ్చలు, 5 మిల్లీమీటర్లకు తక్కువ కానివి, మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పిల్లల డాక్టరుకు చూపించాలి. ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే పుట్టుక జబ్బుకు ఇది ఒక గుర్తు. పసిబిడ్డ నిద్ర లేచేటప్పుడు ఉన్నట్టుండి ముందుకు వంగి చేతులు విదిలించడం, అదే వరుసగా కొన్నిసార్లు చేయడం కనిపిస్తే అది మూర్ఛ కావచ్చు. అప్పుడు చర్మవ్యాధుల డాక్టరు కోసం అపాయింట్‌మెంట్ వెతుక్కుంటూ కూర్చోకండి, ఆ రోజే పిల్లల ఆసుపత్రికి వెళ్లండి. ఆ కదలికను ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. ఇక్కడ ఫోను నిజంగా పనికొస్తుంది.

డాక్టరు ఏ పరీక్షలు చేస్తారు? రక్తం తీస్తారా?

ఎక్కువగా కళ్లే పరీక్ష. గది చీకటి చేసి ఒక నీలి దీపం వేస్తారు. అది వుడ్స్ లాంప్. రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త 1903లో తయారు చేసిన వడపోత గాజు నుంచి పుట్టింది. ఆ వెలుతురులో బొల్లి మచ్చ నీలి తెలుపులో మెరుస్తుంది, శోభి ఉంటే పసుపు బంగారు ఛాయ కనిపించవచ్చు, మామూలు పొడి మచ్చ పెద్దగా మెరవదు. నొప్పి ఉండదు. పిల్లలకు ఇది సరదా కూడా, దుస్తులు మెరుస్తాయి.

శోభిని అనుమానిస్తే చర్మం పొడిని గీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ముక్క తీసి పరీక్ష చేయడం చాలా అరుదు. బొల్లి అని తేలిన పిల్లలకు థైరాయిడ్ పరీక్ష రాస్తారు, ఎందుకంటే ఈ రెండూ కలిసి వచ్చే అవకాశం ఎక్కువ.

బొల్లి అని చెప్పారు. మా వంశంలో ఎవరికీ లేదు. ఎందుకు వచ్చింది?

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున చర్మంలోని రంగు కణాల మీద పడుతుంది. ఆ కణాలు పోయిన చోట మెలనిన్ అనే రంగు పదార్థం తయారు కాదు. జన్యువుల పాత్ర ఉంది గానీ, చాలామంది కుటుంబాల్లో ముందు ఎవరికీ ఉండదు. తల్లికో తండ్రికో ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం నూటికి సుమారు ఐదారు మాత్రమే. బొల్లి ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి 20 ఏళ్ల లోపే మొదలవుతుంది, కాబట్టి మీ బిడ్డ ఒక్కతే కాదు. గర్భంతో ఉన్నప్పుడు మీరు తిన్నదాని వల్ల రాలేదు, గ్రహణం చూడటం వల్ల రాలేదు. ఈ వాక్యం తల్లుల కోసమే రాస్తున్నాను, ఎందుకంటే ఆ నింద మోసేది ఎప్పుడూ వాళ్లే.

చేపలు తిని పాలు తాగితే వస్తుందంటారు. పులుపు మానిపించాలా?

వద్దు. చేపల పులుసు తిని చివర పెరుగన్నం తినే ఇళ్లు కోస్తా జిల్లాల్లో లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ మాట నిజమైతే గోదావరి లంకల్లో సగం ఊళ్లు తెల్లబడి ఉండాలి. నిమ్మ, చింతపండు, టమాటా, ఉసిరి మానిపించడం వల్ల మచ్చ ఆగదు, అన్నం సహించక బిడ్డ చిక్కిపోతుంది. పథ్యాల పేరుతో ఎదిగే పిల్లల గుడ్డు, పాలు, చేప ఆపడం నాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం.

పక్కన పడుకుంటే, ఒకే తువ్వాలు వాడితే అంటుకుంటుందా?

బొల్లి అంటుకోదు. పిటిరియాసిస్ ఆల్బా అంటుకోదు. శోభి కూడా అంటువ్యాధి లెక్కలోకి రాదు.

బొల్లికి చికిత్స ఉందా? లేదని కొందరు, నూరు శాతం గ్యారంటీ అని కొందరు అంటున్నారు.

రెండూ తప్పే. గ్యారంటీ అన్న బోర్డు కనిపిస్తే ఆ గుమ్మం ఎక్కకండి. పిల్లల్లో, అందులోనూ కొత్తగా వచ్చిన మచ్చల్లో, ముఖం, మెడ మీది వాటిలో రంగు బాగానే తిరిగి వస్తుంది. వేళ్ల కొసలు, పెదవులు, పాదాలు, వెంట్రుక తెల్లబడిన మచ్చలు మొండివి. ఇందుకు కారణం ఉంది. రంగు కణాలు మళ్లీ వచ్చేది ఎక్కువగా వెంట్రుకల కుదుళ్ల నుంచి. వెంట్రుకలే లేని చోట నిల్వ ఖాతా ఉండదు. చికిత్స పనిచేస్తే మొదట మచ్చలో ఆవగింజల్లా గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి. అవి వచ్చిన రోజు పండగ చేసుకోవచ్చు.

మొదటి మెట్టు పూత మందులు. ఒంటి మీద కొంత బలమైన స్టెరాయిడ్‌ను డాక్టరు చెప్పినన్ని వారాలు రాసి, మధ్యలో విరామం ఇస్తారు. ముఖం, కనురెప్పలు, చర్మపు మడతల దగ్గర టాక్రోలిమస్ మేలు, చిన్నపిల్లలకు 0.03 శాతంది. మొదటి వారం రాసినచోట మంట పుడుతుంది, తర్వాత తగ్గుతుంది. ఇది ముందే చెప్పకపోతే రెండో రోజే ట్యూబు మూలన పడేస్తారు.

కొలత విషయం: పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత వరకు ట్యూబు నుంచి పిండిన మందు సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. దాన్నిబట్టి లెక్కవేసుకోండి.

మచ్చలు వారం వారం వేగంగా పాకుతుంటే ఆపడానికి తక్కువ మోతాదు స్టెరాయిడ్ మాత్రలను వారంలో వరుసగా రెండు రోజులు మాత్రమే ఇచ్చే పద్ధతి ఉంది. దీన్ని వాడుకలోకి తెచ్చింది మన దేశపు చర్మవైద్యులే. సొంతంగా పొడిగించే మందు కాదు. అమెరికాలో 2022 జూలైలో రుక్సోలిటినిబ్ క్రీముకు 12 ఏళ్లు దాటినవాళ్ల బొల్లి చికిత్సకు అనుమతి వచ్చింది. ఒంటికి ఒక పక్కనే పట్టీలా వచ్చే రకం బొల్లి పెద్దల్లో కంటే పిల్లల్లో ఎక్కువ. అది మొదట ఏడాది రెండేళ్లు వేగంగా పాకి తర్వాత ఆగుతుంది. కనీసం ఏడాది పాటు కదలకుండా ఉన్న మచ్చలకు రంగు కణాలను మార్పిడి చేసే శస్త్రచికిత్సలు ఉన్నాయి, అవి కాస్త పెద్ద పిల్లలకు.

లైటు చికిత్స పిల్లలకు ప్రమాదం కాదా?

మీరు అడిగేది నేరోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి చికిత్స గురించి. 311 నానోమీటర్ల దగ్గరి కాంతిని మాత్రమే వాడతారు, వారానికి రెండు మూడు సార్లు. మొదట కొన్ని సెకన్లు, తర్వాత మెల్లగా పెంచుతారు. కళ్లద్దాలు పెట్టుకొని కదలకుండా నిలబడగలిగిన పిల్లలకు ఇస్తారు. అనుభవం ఉన్నచోట చేయిస్తే సురక్షితమే. అసలు కష్టం వేరే: నెలల తరబడి వారానికి రెండు మూడు సార్లు బడి మానిపించి, బస్సెక్కి, పట్నం వెళ్లి రావడం. మొదలుపెట్టే ముందే డాక్టరుతో ఈ సంగతి మాట్లాడండి. ఆరు నెలలు కాకుండా పనిచేయలేదని తేల్చకూడదు.

బావంచాలు నూరి రాసి ఎండలో నిలబెట్టమన్నారు.

బావంచాలకు చరిత్ర ఉంది, ఆ గింజల్లోని సోరాలిన్ చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది. ఆధునిక వైద్యంలో సోరాలిన్ ఇచ్చి అతినీలలోహిత కాంతి పెట్టే పువా చికిత్స కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. కానీ అక్కడ మందుకు మోతాదు ఉంటుంది, కాంతికి కొలత ఉంటుంది, అయినా 12 ఏళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. ఇంట్లో నూరిన ముద్దకు కొలత లేదు, మే నెల ఎండకు అసలే లేదు. రాసిన మర్నాడు బొబ్బలెక్కిన చేతితో వచ్చిన పిల్లలను చూశాను. అలా కాలిన చోట బొల్లి ఇంకా పాకే ప్రమాదం ఉంది. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే చదువుకున్న వైద్యుడి దగ్గరకు వెళ్లండి, పక్కింటి సలహాతో కాదు.

షాపులో ఇచ్చిన క్రీము రాస్తే మొదట తగ్గినట్టే ఉంది, ఇప్పుడు ముఖం ఎర్రబడింది.

ట్యూబు వెనక చదవండి. క్లోబెటసోల్, బీటామెథసోన్, మోమెటసోన్ పేర్లలో ఏదైనా ఉంటే అది బలమైన స్టెరాయిడ్. దాంతోపాటు ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి 'అన్నిటికీ ఒకటే' అని అమ్మే ట్యూబులే ఎక్కువ. పిల్లల ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, వెంట్రుకలు పెరుగుతాయి. విచిత్రం ఏమిటంటే, స్టెరాయిడ్ వల్లే కొత్తగా తెల్లమచ్చలు కూడా వస్తాయి. 2018లో ఇలాంటి పూత స్టెరాయిడ్లను చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చారు. నియమం ఉంది, అమలు సంగతి నన్ను అడగకండి, మా వృత్తివాళ్ల మీదే రాయవలసి వస్తుంది. చాలాకాలం వాడి ఉంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించి మెల్లగా మాన్పించండి.

కాలి మీద చెప్పు పట్టీ ఆకారంలోనే తెల్లబడింది.

చెప్పు మార్చండి. కొన్ని రబ్బర్లలో, జిగురుల్లో ఉండే రసాయనాలు రంగు కణాలను చంపుతాయి. ఆడపిల్లల నుదుటి మీద బొట్టుబిళ్ల పెట్టిన చోట గుండ్రంగా తెల్లబడేదీ ఇలాగే. బిళ్ల మాని కుంకుమ పెట్టి చూద్దాం అనకుండా, కొన్నాళ్లు నుదుటిని ఖాళీగా వదలండి. తొందరగా మానితే రంగు తిరిగి రావచ్చు.

ఐదేళ్ల పాపకు మూత్రం పోసే చోట తెల్లబడి దురద, మంట. ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.

సిగ్గుపడి ఆలస్యం చేయకండి. లైకెన్ స్క్లిరోసస్ అనే జబ్బు చిన్న ఆడపిల్లల్లో ఇలా వస్తుంది. చర్మం తెల్లగా, ముడతలు పడి పలచగా మారుతుంది, చీలికలు, రక్తపు చుక్కలు కనిపిస్తాయి, మల విసర్జనకు ఏడుస్తారు. వదిలేస్తే మచ్చకట్టి ఆకారం చెడుతుంది. డాక్టరు పర్యవేక్షణలో బలమైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ దీనికి సరైన మందు. ముఖానికి వద్దన్న మందే ఇక్కడ కావాలి. రక్తపు చుక్కలు చూసి లైంగిక హింస జరిగిందేమోనని అనుమానించే సందర్భాలు ఉన్నాయి. రెండిటినీ తేల్చగలిగేది పరీక్ష చేసే డాక్టరే, కాబట్టి ఇంట్లో ఎవరినీ నిలదీసే ముందు చూపించండి.

రంగు వచ్చాక మళ్లీ పోతుందా?

బొల్లిలో పోవచ్చు. చికిత్స ఆపిన ఏడాదిలోపు వందమందిలో సుమారు 40 మందికి కొంత రంగు పోతుంది. అందుకే రంగు వచ్చిన చోట వారానికి రెండు సార్లు టాక్రోలిమస్ కొనసాగించమంటారు కొందరు డాక్టర్లు.

బడిలో పిల్లలు పక్కన కూర్చోవడం లేదు.

టీచరుతో మాట్లాడండి, బిడ్డ ఎదుటే మాట్లాడండి. ఇది అంటుకోదని డాక్టరు చేత రెండు వాక్యాలు రాయించి తీసుకెళ్తే పని సులభమవుతుంది. బిడ్డకు కూడా ఒక జవాబు నేర్పండి: "నా చర్మంలో రంగు తయారు కావడం లేదు, నీకు అంటుకోదు." దాచమని ఎప్పుడూ చెప్పకండి. చుట్టాలు వచ్చినప్పుడు పొడుగు చేతుల చొక్కా తొడగడం కూడా దాచమని చెప్పడమే, పిల్లలకు అది వెంటనే అర్థమవుతుంది. కెనడా మోడల్ విన్నీ హార్లోకు నాలుగేళ్ల వయసులో బొల్లి మొదలైంది, బడిలో ఆమెను కూడా ఏడిపించారు. ఆమె ఫోటోలు చూపిస్తే మాట్లాడటానికి ఒక దారి దొరుకుతుంది. బిడ్డ తిండి, ఆట మానేసి ముభావంగా ఉంటే మనసు వైద్యుడి సాయం కూడా చికిత్సలో భాగమే.

"పెళ్లెలా అవుతుంది?" అని ఏడేళ్ల పాప ముందే అడిగే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధననే మన చట్టాల నుంచి 2019లో తీసేశారు. పెద్దలు కాస్త వెనకబడి ఉన్నారు.

డాక్టరు దగ్గరకు ఏమి తీసుకెళ్లాలి?

ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా. మచ్చ మొదట చూసిన నెల, అప్పటి ఫోటో ఉంటే అది. ఫోటోలో మచ్చ పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఉంటే పరిమాణం తెలుస్తుంది. ఇంట్లో థైరాయిడ్, బొల్లి, ఎగ్జిమా, కుష్ఠు ఎవరికైనా ఉంటే ఆ వివరం. ఒంటిని మొత్తం చూడాలి కాబట్టి తేలిగ్గా విప్పగలిగే బట్టలు వేయండి. ఆ ఉదయం ముఖానికి పౌడరు రాయకండి.